ముక్కుకు రెండోసారి ఆపరేషను: తొందరపడే ముందు తెలుసుకోవలసిన సంగతులు

రెండేళ్ళ క్రితం ఆగస్టు నెలలో ఒక సోమవారం ఉదయం మా చెవి, ముక్కు, గొంతు విభాగానికి ఒక తల్లి, ఆమె 24 ఏళ్ళ కూతురు వచ్చారు. ఓపీ చీటీ మీద 'ముక్కు దిబ్బడ' అని రాయించుకున్నారు. అమ్మాయి చున్నీని ముఖానికి అడ్డంగా పట్టుకొని కూర్చుంది. సిస్టరు తలుపు వేసి కుర్చీ దగ్గరకు లాగిన తరువాతగాని చున్నీ దించలేదు. అప్పుడు తల్లి అసలు సంగతి చెప్పింది.

"మార్చి నెలలో సిటీలో ముక్కు ఆపరేషను చేయించామండి డాక్టరుగారూ. ముక్కు మీద చిన్న బొడిపె ఉండేది, అది తీయిస్తే చక్కగా ఉంటుందన్నారు. ఇప్పుడు చూడండి, మధ్యలో గుంట పడిపోయింది. డిసెంబరులో ప్రధానం పెట్టుకున్నాం. ఈలోగా మళ్ళీ చేయిస్తే సరిపోతుందాండి?"

అమ్మాయి ఒక్క మాటే అంది. "రాత్రిళ్ళు కుడివైపు ఊపిరి ఆడదండి. నోరు తెరుచుకొని పడుకుంటున్నాను."

మా ఆసుపత్రిలో అందం కోసం ముక్కు ఆపరేషన్లు చేయం. కానీ వేరేచోట చేయించుకొని తృప్తిలేక, ఎవరిని అడగాలో తెలియక మా దగ్గరకు వచ్చేవారు ఏటా కొందరు ఉంటారు. వారిలో అమ్మాయిలే కాదు, అబ్బాయిలూ ఉంటారు. బండి మీదనుంచి పడి ముక్కు విరిగి, సరిచేయించుకున్నా వంకర పోనివారూ ఉంటారు. అందరూ అడిగేది ఒకటే: మళ్ళీ చేయించుకోవచ్చా? ఆ ప్రశ్నకు ఓపీలో ఐదు నిమిషాల్లో జవాబు చెప్పలేం. అందుకే ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాం. ఆ అమ్మాయి, ఆమె తల్లి ఒప్పుకున్నందువల్లే వారి సంగతి చెబుతున్నాం. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.

ముక్కు లోపల ఏముంది?

ముక్కును వేలితో తడిమి చూడండి. కళ్ళ మధ్యనుంచి మూడోవంతు దాకా గట్టిగా తగిలేది ఎముక. అక్కడినుంచి కొన దాకా ఉన్నది మృదులాస్థి, అంటే చెవి డొప్పలో ఉన్నటువంటి వంగే పదార్థం. రెండు రంధ్రాల మధ్య గోడ ఒకటి ఉంటుంది. ముక్కు దూలానికి ఆసరా ఎక్కువగా ఆ గోడ నుంచే వస్తుంది. గుడారానికి నడిమి కర్ర ఎలాగో ముక్కుకు ఆ గోడ అలాగ.

ముక్కు మీది బొడిపెను తగ్గించేటప్పుడు ఎముకనూ, దాని కింది మృదులాస్థినీ కొంత చెక్కుతారు. కొలత ప్రకారం చెక్కితే ముక్కు సాఫీగా వస్తుంది. ఎక్కువ చెక్కితే నడుమ పల్లం పడుతుంది. పక్క గోడలకు ఆసరా తగ్గితే గాలి పీల్చినప్పుడల్లా అవి లోపలికి లాక్కుపోతాయి. ముక్కులో అతి ఇరుకైన చోటు ఆ పక్క గోడకూ నడిమి గోడకూ మధ్య ఉన్న సందే. అది ఒక మిల్లీమీటరు తగ్గినా మనిషికి తెలుస్తుంది. పైకి కనిపించే వంపూ, లోపల ఆడని ఊపిరీ చాలాసార్లు ఒకే తప్పుకు రెండు ముఖాలు.

ఆ అమ్మాయిని అద్దం ముందు కూర్చోబెట్టి, కుడి చెంపను వేలితో మెల్లగా పక్కకు లాగి, ఊపిరి పీల్చమన్నాం. వెంటనే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "వస్తోందండి!" అంది. ఇది చాలా పాత పరీక్ష. దీనికి ఖర్చు లేదు. దీనితోనే అంతా తేలిపోదు, జలుబు ఎలర్జీ ఉన్నా ముక్కు మూసుకుపోవచ్చు. సన్నని దుర్బిణితో లోపల కూడా చూశాం. ఆమెకు లోపల సందు ఇరుకైన మాట నిజం.

ముక్కు కొన సంగతి వేరు. కొన లావుగా, రాయిలా గట్టిగా ఉందని తల్లి బాధపడుతోంది. అది తప్పు కాదు, ఇంకా తగ్గని వాపు. ఐదో నెలలో అది ఉండవలసిందే. ఇలా ఒకే ముక్కులో కాలంతోపాటు సర్దుకునేవి కొన్ని, సర్దుకోనివి కొన్ని కలిసి ఉంటాయి. ఏవి ఏవో తెలియకముందే కత్తి పెట్టడం ప్రమాదం.

ఏడాది ఎందుకు ఆగాలి?

కళ్ళ కింద నల్లదనం రెండు వారాల్లో పోతుంది. వాపు చాలా భాగం మొదటి రెండు మూడు నెలల్లో దిగుతుంది. మిగిలిన వాపు, ముఖ్యంగా కొన దగ్గరిది, దిగడానికి ఏడాది పడుతుంది. చర్మం మందంగా ఉన్నవారికి ఏడాదిన్నర, ఒక్కొక్కరికి రెండేళ్ళు. మనవాళ్ళలో చాలామందికి ముక్కు కొన చర్మం మందమే.

లోపల గాయం మానుతున్నప్పుడు మచ్చ కండ పుడుతుంది. మొదటి నెలల్లో అది ఎర్రగా, గట్టిగా, రక్తంతో నిండి ఉంటుంది. అప్పుడు కోస్తే రక్తస్రావం ఎక్కువ, పొరలు విడదీయడం కష్టం, కొత్త మచ్చ ఇంకా ఎక్కువ. ఏడాదికి అదే మచ్చ మెత్తబడి తెల్లబడుతుంది. అందుకే అనుభవమున్న సర్జన్లు కనీసం 12 నెలలు నిండేవరకు రెండో ఆపరేషనుకు ఒప్పుకోరు. "వచ్చే వారమే చేసేస్తాం, డబ్బు కట్టండి" అనేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

కొందరికి కొన పైభాగంలో చిలుక ముక్కులా ఉబ్బు వస్తుంది. అది మచ్చ కండ వల్ల అయితే అక్కడ కొద్దిపాటి స్టెరాయిడ్ సూదిమందుతో తగ్గవచ్చు. ఆపరేషను అక్కర్లేకుండా తీరే బాధ ఇది. కానీ మందు మోతాదు మించితే చర్మం పలచబడి పల్లం పడుతుంది కాబట్టి, తెలిసిన చేయి వేయవలసిన సూది అది.

అయితే ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. ఇవి కత్తిరించి అద్దం పక్కన అంటించుకున్నా మంచిదే. ఆపరేషను అయిన మొదటి రోజుల్లో నొప్పి తగ్గకపోగా పెరుగుతూ రెండు రంధ్రాలూ మూసుకుపోతే, నడిమి గోడలో రక్తం గూడుకట్టి ఉండవచ్చు. దాన్ని ఆ రోజే తీయకపోతే గోడలోని మృదులాస్థి చచ్చిపోయి ముక్కు కూలుతుంది. జ్వరం, చీము, ఆగని రక్తం, చర్మం నల్లబడటం, నీళ్ళలాంటి ద్రవం ఒకవైపు నుంచే ధారగా కారడం, చూపులో తేడా, ఇవన్నీ వెంటనే ఆసుపత్రికి రావలసినవి. ముక్కులో సిలికాన్ పెట్టించుకున్నవారికి ఏళ్ళ తరువాత అయినా ఆ చోట ఎర్రబడి చర్మం పలచబడితే, అది బయటికి రాబోతోందన్నమాట. పొక్కిలి కదా అని పసుపు రాసుకొని కూర్చోవద్దు.

ఇంకో హెచ్చరిక. ఆపరేషను లేకుండా ముక్కు గుంటను సూదితో నింపుతామని బ్యూటీ పార్లర్లలో కూడా చెబుతున్నారు. ఒకసారి ఆపరేషను అయిన ముక్కులో రక్తనాళాల దారులు మారి ఉంటాయి. సూదిమందు రక్తనాళంలోకి పోతే చర్మం కుళ్ళవచ్చు, అరుదుగా కంటిచూపే పోవచ్చు. పోయిన చూపు తిరిగి రావడం చాలా కష్టం. ముక్కు గుంట కంటే అది ఎంత పెద్ద నష్టమో చెప్పనక్కర్లేదు.

రెండోది మొదటిదానిలా ఉండదు

మొదటి ఆపరేషనుకు వెళ్ళిన సర్జనుకు ముక్కులో అన్నీ పుస్తకంలో ఉన్నట్టే దొరుకుతాయి. రెండోసారి వెళ్ళినవారికి అలా కాదు. పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. తీసివేసినది ఎంతో, మిగిలినది ఎంతో లోపలికి వెళ్తేగాని తెలియదు. మొదటిసారి చెక్కడం ఎక్కువైతే, రెండోసారి చేయవలసింది కట్టడం. కట్టడానికి సరుకు కావాలి.

ఆ సరుకు ముందుగా నడిమి గోడ నుంచే తీసుకుంటారు. మొదటి ఆపరేషనులోనే అది వాడేసి ఉంటే చెవి డొప్ప నుంచి తీస్తారు. చెవి రూపం పెద్దగా మారదు, మచ్చ చెవి వెనుక దాగిపోతుంది. కానీ చెవి మృదులాస్థి వంపుగా, మెత్తగా ఉంటుంది, కొద్దిగానే దొరుకుతుంది. దూలమే కూలిపోయినవారికి ఛాతీలోని పక్కటెముక మృదులాస్థి అవసరమవుతుంది. ఛాతీ మీద కొన్ని సెంటీమీటర్ల మచ్చ, కొన్ని వారాల నొప్పి, అరుదుగా ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే ప్రమాదం, ఇవి దానితో వస్తాయి. పైగా పక్కటెముక ముక్క కాలక్రమంలో పచ్చి కర్రలా వంగే గుణం కలది. వయసు మళ్ళినవారిలో అది సున్నం పట్టి గట్టిపడిపోతుంది.

ముక్కు ఆపరేషను చేయించుకున్నవారిలో మళ్ళీ దిద్దుబాటు అవసరమయ్యేది సుమారు నూటికి 5 నుంచి 15 మందికని వైద్య గ్రంథాలు సాధారణంగా చెబుతాయి. అంటే మంచి సర్జను చేతిలో కూడా కొన్ని సరిగా రావు. తృప్తిగా లేని ప్రతి ముక్కూ నిర్లక్ష్యం వల్ల పాడైనది కాదు. ఇది అందరికీ నచ్చే మాట కాదని మాకు తెలుసు.

కొత్త ముక్కు కట్టడం అనే విద్య మన దేశానికి కొత్తది కాదు. చెంప చర్మంతో ముక్కు చేసే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. 1792 ప్రాంతంలో, మైసూరు యుద్ధకాలంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్జీ అనే అతన్ని టిప్పు సుల్తాను సైనికులు పట్టుకొని ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగిన తరువాత పూనా దగ్గర ఒక దేశీయ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని మలిచి కొత్త ముక్కు చేశాడు. ఆ వైద్యుడి పేరు చరిత్రలో మిగలలేదు. ఆ కబురు 1794 అక్టోబరులో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే సర్జను 1814లో లండన్‌లో అదే పద్ధతిలో ఆపరేషను చేశాడు. క్యాన్సరు వల్లనో ప్రమాదం వల్లనో ముక్కు పోగొట్టుకున్నవారికి ఈనాటికీ నుదుటి చర్మంతోనే ముక్కు కడుతున్నారు. మా ఓపీలో దిగులుగా కూర్చున్నవారికి ఈ కథ చెబుతుంటాం. కొందరు నవ్వుతారు.

ఎవరిని అడగాలి, ఏమి అడగాలి?

ముందు మొదటి ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళండి. కోపంగా ఉన్నా సరే. లోపల ఏమి తీశారో, ఏమి పెట్టారో ఆయనకే తెలుసు. చాలామంది ముఖం చూపించుకోలేక ఇంకో ఊరు వెళ్ళిపోతారు, అక్కడి సర్జను చీకట్లో తడుముకోవలసి వస్తుంది. మీకు వెళ్ళే మనసు లేకపోయినా ఆపరేషను వివరాల కాగితం, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషనుకు ముందు తీసిన ఫోటోలు అడిగి తీసుకోండి. రోగి లిఖితంగా అడిగితే 72 గంటల లోపల రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. అమ్మాయి తల్లి వెళ్ళి అడిగితే మొదట ఇవ్వలేదు. చీటీ రాసి, దాని నకలు మీద సంతకం చేయించుకొని వచ్చింది. మూడో రోజున ఇచ్చారు. అందులో నడిమి గోడను ముట్టుకోలేదని రాసి ఉంది. మాకు ప్రాణం లేచివచ్చింది, సరుకు లోపల ఉందన్నమాట.

రెండో అభిప్రాయం తప్పక తీసుకోండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసినవారినో, ముక్కు ఆపరేషన్లలో అనుభవమున్న చెవి, ముక్కు, గొంతు సర్జనునో చూడండి. బోర్డు మీద 'కాస్మెటిక్' అన్న మాట ఒక్కటి చాలదు. డాక్టరు రిజిస్ట్రేషను నంబరు అడగడం మర్యాద తక్కువ కాదు. దిద్దుబాటు ఆపరేషన్లు తరచుగా చేస్తారా, సరుకు ఎక్కడినుంచి తీస్తారు, ఊపిరి సంగతి ఏమవుతుంది, సరిగా రాకపోతే తరువాత ఏమిటి, ఈ నాలుగూ అడగండి. "నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అందం కోసం చేసే ఆపరేషన్లకు ఆరోగ్య బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణానికీ, వైద్యరీత్యా తప్పనిసరి అని డాక్టరు ధ్రువీకరించిన దానికీ వర్తించే అవకాశముంది. కాబట్టి ఊపిరి ఆడని సంగతి మీ కాగితాల్లో స్పష్టంగా రాయించుకోండి. నిజంగా ఉంటేనే సుమా! నిర్లక్ష్యం జరిగిందని నమ్మేవారికి వినియోగదారుల కమిషను ఉంది. డబ్బు తీసుకొని చేసే వైద్యం దాని పరిధిలోకి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. రూపం నచ్చకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని మాత్రం గుర్తుంచుకోండి.

అద్దం, సెల్‌ఫోను

కొందరికి లోపం ముక్కులో కన్నా మనసులో ఎక్కువ ఉంటుంది. ఇతరులకు కనిపించని వంకర వారికి రోజూ గంటల తరబడి కనిపిస్తుంది. ఒక ఆపరేషను తరువాత ఇంకొకటి, దాని తరువాత మరొకటి. మనుషులలోకి రావడం మానేస్తారు, నిద్ర పోదు, ఒక్కొక్కరికి చనిపోవాలనే ఆలోచన కూడా వస్తుంది. ఇది డాంబికం కాదు, జబ్బు. మానసిక వైద్యుల దగ్గర దీనికి మంచి చికిత్స ఉంది. ఇలాంటివారికి ఎన్నిసార్లు ముక్కు దిద్దినా తృప్తి రాదు. ఇంట్లోవారు "నీకు పిచ్చా" అనకుండా ఓపికగా తీసుకురావాలి.

సెల్‌ఫోను కూడా కొంత తంటా తెస్తోంది. చేయి చాపి ముఖానికి దగ్గరగా తీసుకునే ఫోటోలో ముక్కు ఉన్నదానికన్నా పెద్దదిగా పడుతుంది. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో వైద్యులు లెక్కగట్టారు. ఆ ఫోటో చూసి ఆపరేషనుకు నిర్ణయించుకోవడం, సంత అద్దంలో చూసుకొని లావయ్యాననుకోవడం లాంటిదే.

చేయించుకోవాలని నిర్ణయించుకుంటే

చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా అన్నీ కనీసం నాలుగు వారాల ముందునుంచీ, తరువాత నాలుగు వారాలూ మానాలి. పొగాకు చర్మానికి రక్తం అందనీయదు. రెండోసారి కోసిన చర్మానికి అసలే రక్తం తక్కువ. మీరు వాడే ప్రతి మందూ, నాటుమందులతో సహా, సర్జనుకు చెప్పండి. ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం పెంచుతాయి. కానీ గుండె జబ్బుకు వాడుతున్నవారు సొంతంగా ఆపవద్దు. ముక్కుపుడక ముందే తీసివేయాలి. తరువాత తల ఎత్తుగా పెట్టుకొని పడుకోవాలి, ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్ళజోడు బరువు నాలుగు నుంచి ఆరు వారాలు దూలం మీద పడకూడదు. ఎండలో తిరిగితే వాపు నిలిచిపోతుంది, అందుకని మా వైపువాళ్ళకు వేసవిలో ఇలాంటి ఆపరేషను వద్దనే చెబుతాం.

ఆ అమ్మాయి సంగతికి వస్తే, డిసెంబరు లోపల ఆపరేషను వద్దని ఖచ్చితంగా చెప్పాం. తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అబ్బాయివాళ్ళు చూస్తే ఏమంటారోనండి" అంది. అమ్మాయే తల్లి చేయి పట్టుకొని, "ముందే చెప్పేద్దాం అమ్మా. తరువాత తెలిస్తే ఇంకా బాగోదు" అంది. ఆ ధైర్యం మేము ఇచ్చింది కాదు. ఉప్పునీటి కడుగుడు, రాత్రిపూట రంధ్రాలను విప్పి ఉంచే పట్టీ రాసి పంపాం. పట్టీతో నిద్ర పట్టిందని తరువాతి నెలలో వచ్చి చెప్పింది.

అబ్బాయి ఇంటివారు కొంచెం గునిశారట. అబ్బాయి మేనత్త అయితే నాలుగు మాటలు గట్టిగానే అందట. ప్రధానం మాత్రం అనుకున్న రోజునే జరిగింది, మే నెలలో పెళ్ళి అయింది. సెప్టెంబరులో, మొదటి ఆపరేషను అయిన ఏడాదిన్నరకు, ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జనూ చెవి, ముక్కు, గొంతు సర్జనూ కలిసి నడిమి గోడలోని మృదులాస్థి తీసి రెండువైపులా ఆసరా పెట్టారు. భర్తే దగ్గర ఉండి చూసుకున్నాడు.

ముక్కు ఇప్పుడు సూటిగా ఉందా అంటే, పూర్తిగా కాదు. పక్కనుంచి వెలుగు పడితే ఎడమవైపు చిన్న మెట్టు కనిపిస్తుంది. ఆమెకు అది తెలుసు, మాకూ చూపించింది. రాత్రిళ్ళు నోరు మూసుకొని పడుకుంటోంది.

మొన్న మళ్ళీ ఓపీకి వచ్చింది. అత్తగారు ముక్కుపుడక చేయించారట, ఎప్పుడు కుట్టించుకోవచ్చో అడగడానికి. ఇంకా ఏడాది నిండలేదని, ఆపరేషను చేసిన డాక్టరుగారికి చూపించి ఆయన సరేనన్న తరువాతే కుట్టించుకోమని చెప్పి పంపాం.